నార్వేలో కుటుంబంతో బస: అడిగితే కాదనరు, అడగకపోతే పెట్టరు

హోటల్లో దిగకుండా నార్వేజియన్ల ఇంట్లోనే ఒక గదిలో ఉండి దేశం చూడాలనుకునే కుర్రకారుకు ఈ బస ఎంతవరకు గిట్టుబాటు? ఐదుకి నాలుగు మార్కులు వేయొచ్చు. గది శుభ్రం, మాట నిక్కచ్చి, స్వేచ్ఛ ఎక్కువ. పోయిన మార్కులో సగం శాకాహార భోజనానిది, సగం చలికాలపు చీకటిది. అయితే మార్కుల కంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అక్కడి ఇల్లు అతిథి కోసం తన దినచర్య మార్చుకోదు. కంచం దగ్గర "ఇంకొంచెం" అంటూ వడ్డించేవాళ్లు ఉండరు. మొహమాటానికి వద్దంటే నిజంగానే వద్దనుకుని గిన్నె పక్కకు జరిపేస్తారు. అదే నోరు తెరిచి అడిగితే కారు తీసి స్టేషన్‌లో దించుతారు, తమ పిల్లల స్కీలు ఇస్తారు, వంటగది మొత్తం వదిలేస్తారు. ఈ ఒక్కటీ ముందే తెలియక వారం రోజులు అర్ధాకలితో ఉండి "ఆప్యాయత లేని మనుషులు" అని పేరు పెట్టి వచ్చేవాళ్లు ఎక్కువ.

బసకు దారులు మూడు. మొదటిది స్కూలు మార్పిడి కార్యక్రమం. ఏఎఫ్‌ఎస్ లాంటి సంస్థలు సుమారు 15 నుంచి 18 ఏళ్ల విద్యార్థులను ఆగస్టులో తీసుకెళ్లి, మరుసటి వేసవి దాకా ఒక కుటుంబంలో ఉంచి, అక్కడి హైస్కూల్లో చదివిస్తాయి. ఆ కుటుంబాలకు జీతం ఉండదు, ఇష్టపడి పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంటారు. అందుకే ఈ దారిలో బంధం గట్టిది, ఎంపిక మాత్రం మన చేతిలో ఉండదు. ఓస్లో అనుకుంటే బస్సు రోజుకు నాలుగుసార్లు వచ్చే పల్లె తగలొచ్చు. రెండోది ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకోవడం. ఇక్కడ ధర చూసేటప్పుడు దుప్పట్లు, తువ్వాళ్లు, చివరి రోజు శుభ్రం చేసే ఖర్చు అందులో కలిసి ఉన్నాయో లేదో చదవాలి. నార్వేలో వీటికి విడిగా వసూలు చేయడం మామూలే.

మూడోది పని చేసి తిండి, బస పొందడం. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఇక్కడే జాగ్రత్త పడాలి. సందర్శకుల వీసా మీద పని చేయకూడదు. డబ్బు తీసుకోకుండా పొలంలో పని చేసి అన్నం తిన్నా అది పనిగానే లెక్కకు రావొచ్చు. ఇక ఇంటి పిల్లల్ని చూసుకుంటూ ఉండే ఓ పేర్ పద్ధతిని నార్వే ఎత్తేసింది. 2024 మార్చి 15 నుంచి కొత్త అనుమతులు లేవు. ఇప్పుడు కూడా "ఓ పేర్ వీసా ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అనే ఏజెంట్ కనిపిస్తే ఆ ఫోన్ నంబర్ బ్లాక్ చేయడమే పని.

కాగితాల సంగతి క్లుప్తంగా. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఉంది. కాబట్టి చిన్న బసకు షెంగెన్ వీసానే, 180 రోజుల్లో 90 రోజులు మించకూడదు. పెద్దలకు ఫీజు 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. చేతిలో రోజుకు 500 నార్వే క్రోనర్ల చొప్పున ఉన్నట్టు చూపించాలన్నది అక్కడి ఇమిగ్రేషన్ శాఖ యూడీఐ మార్గదర్శకం. కుటుంబంతో ఉంటున్నామంటే వాళ్ల ఆహ్వాన లేఖలో చిరునామా, తేదీలు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది స్పష్టంగా రాయించుకోవాలి. ఏడాది చదువుకైతే ఇది చాలదు, నివాస అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో మార్పిడి సంస్థ దారి చూపిస్తుంది.

సూట్‌కేసులో నెయ్యి పెట్టొద్దు. యూరప్ ఆర్థిక ప్రాంతం బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తీసుకెళ్లడం నిషేధం. కోవా స్వీట్లకూ అదే వర్తిస్తుంది. ఇంటివాళ్లకు కానుకగా పల్లీ చిక్కీ, నువ్వుల ఉండలు, జీడిపప్పు, మంచి టీ పొడి తీసుకెళ్లడం తేలిక.

ఇప్పుడు భోజనం. ఈ బసలో అందరూ ముందుగా తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రోజుకు నాలుగు తిండ్లు, అందులో వేడిది ఒక్కటే. పొద్దున ఫ్రుకోస్ట్ అంటే రొట్టె ముక్కలు, పైన రాసుకునేవి. అప్పుడే మధ్యాహ్నానికి మాట్‌పక్కె, అంటే రొట్టె డబ్బా, ఎవరిది వాళ్లు కట్టుకోవాలి. మధ్యాహ్నం పదకొండున్నర ప్రాంతంలో దాన్ని చల్లగానే తింటారు. సాయంత్రం నాలుగు, ఐదు మధ్య మిద్దాగ్, ఇదే అసలు భోజనం. రాత్రి ఎనిమిది దాటాక మళ్లీ రొట్టెతో క్వెల్డ్స్‌మాట్. రాత్రి తొమ్మిదింటికి అన్నం తినే అలవాటున్నవాళ్లు ఐదింటికి సగం తిని లేచి, పదింటికి ఆకలితో గదిలో కూర్చుంటారు. మిద్దాగ్ కడుపు నిండా తినాలి, క్వెల్డ్స్‌మాట్ వదలకూడదు. వచ్చిన మొదటి రాత్రే "ఆకలేస్తే ఫ్రిజ్‌లోంచి ఏవి తీసుకోవచ్చు, ఏవి ముట్టకూడదు" అని అడిగేయాలి. చాలా ఇళ్లలో రొట్టె, వెన్న, చీజ్, పాలు అందరివీ. శనివారం కోసం దాచినవి, మర్నాటి వంట కోసం కరగబెట్టుకున్న మాంసం, చేప మాత్రం కాదు.

మాట్‌పక్కె కట్టడానికీ ఒక వరుస ఉంది. రెండు నుంచి నాలుగు ముక్కలు, మీద పలచగా వెన్న, ఆపైన చీజో లివర్ పేస్టో టమాటా సాస్‌లోని మాకెరెల్ చేపో. ముక్కకీ ముక్కకీ మధ్య చతురస్రంగా కత్తిరించిన పలుచని కాగితం పెడతారు, దాని పేరు మెల్లొమ్‌లెగ్స్‌పపీర్. ఆ కాగితం లేకపోతే పదకొండింటికి డబ్బాలో ముద్ద మిగులుతుంది. రొట్టె ప్యాకెట్ మీద నాలుగు భాగాలు చేసిన గుండ్రటి గుర్తు ఉంటుంది. ఎన్ని భాగాలకు రంగు నిండితే ముడి ధాన్యం అంత ఎక్కువ. నాలుగూ నిండినది అలవాటు లేని కడుపుకు బరువు, రెండుతో మొదలుపెట్టడం మేలు.

బ్రూనోస్ట్ అనే గోధుమరంగు చీజ్ పేరుకే చీజ్. పాలవిరుగుడు నీటిని చక్కెరలు ఎర్రబడేదాకా మరిగించి, క్రీమ్, పాలు కలిపి చేస్తారు. రుచి పాలకోవాలో చిటికెడు ఉప్పు పడ్డట్టు ఉంటుంది. మనవాళ్లు వెంటనే ఇష్టపడే నార్వే తిండి ఇదొక్కటే అనొచ్చు. దాన్ని కోసే ఓస్తెహోవెల్ అనే చీలిక గరిటెను లిల్లెహామర్ వడ్రంగి థోర్ బ్యోర్క్‌లుండ్ 1925లో పేటెంట్ చేయించాడు. అంచును దిమ్మ మీద దాదాపు బల్లపరుపుగా ఆనించి, తేలిగ్గా నొక్కుతూ తన వైపుకు లాగాలి. మధ్యలోనే లాగుతూ పోతే దిమ్మ నడుమ గుంటపడి అంచులు పైకి లేస్తాయి. ఆ తర్వాత ఎవరు కోసినా ముక్క విరుగుతుంది, ఇంటివాళ్ల ముఖం మారుతుంది. ఒకసారి ఈ చివర నుంచి, ఒకసారి ఆ చివర నుంచి కోస్తే సరి.

శాకాహారులకు ఐదుకి రెండున్నర మార్కులే. మాంసం తినను అంటే చేప వడ్డించే ఇళ్లు ఉన్నాయి. కాబట్టి "మాంసం, చేప, వాటి పులుసు ఏదీ తినను. గుడ్డు తింటాను", లేదా "గుడ్డూ తినను" అని విడివిడిగా, వెళ్లకముందే రాసి పంపాలి. బంగాళదుంపల మీద పోసే గోధుమరంగు సాస్‌లో మాంసపు పులుసు ఉంటుంది. సాగే జెల్లీ మిఠాయిల్లో చాలావాటిలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. చీజ్ కోసం పాలు విరగ్గొట్టే రెన్నెట్ దూడ కడుపు నుంచి తీసింది కావొచ్చు, ఆ పట్టింపు ఉన్నవాళ్లు ప్యాకెట్ చదవక తప్పదు. వారంలో తేలికైన రోజులు రెండు. శుక్రవారం చాలా ఇళ్లలో టాకోలు చేస్తారు, మాంసం ఖీమా బదులు బీన్స్ డబ్బా విప్పితే చాలు. శనివారం రిస్‌గ్రోట్ అనే పాలబియ్యపు జావ, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి, నడుమ వెన్న ముద్ద. పెరుగన్నానికి కల్తూర్‌మెల్క్ అనే పులిసిన పాలు, గట్టి పెరుగుకైతే డబ్బా మీద తుర్కిష్ యోగర్ట్ అని ఉన్నది తీసుకోవాలి. ఎర్ర కందిపప్పు, బాస్మతి మామూలు సూపర్ మార్కెట్‌లోనే దొరుకుతాయి. బెండకాయలు, కొత్తిమీర కట్టలు, మసాలాలు కావాలంటే ఓస్లోలో గ్రోన్‌లాండ్ ప్రాంతపు దుకాణాలకు పోవాలి. ఆదివారం దుకాణాలు మూత. వంద చదరపు మీటర్ల లోపు చిన్న కొట్లు, పెట్రోల్ బంకులు తప్ప. అవీ ఖరీదే. శనివారం సాయంత్రానికే కొనిపెట్టుకోవాలి.

వంటగది ఇస్తారు, అయితే తాలింపు పెట్టేముందు రెండు యంత్రాల గురించి తెలియాలి. ఒకటి పొగ అలారం, ప్రతి ఇంట్లో చట్టప్రకారం ఉంటుంది. రెండోది కొమ్‌ఫీర్‌వక్త్, అంటే పొయ్యి కాపలా. 2010 నాటి విద్యుత్ ప్రమాణం తర్వాత కొత్తగా వేసిన పొయ్యిలకు ఇది తప్పనిసరి. పొయ్యి పైన అంటించిన సెన్సర్ వేడి శ్రుతి మించిందనుకుంటే కూతపెడుతుంది, ఆపకపోతే కరెంటే కోసేస్తుంది. నూనె పొగలు కక్కేదాకా కాచి ఆవాలు వేసే పద్ధతి ఇక్కడ సాగదు. ముందు పొయ్యి మీది ఫ్యాన్ ఫుల్‌లో పెట్టాలి, కిటికీ తెరవాలి. తొమ్మిది అంకెల మీటలో ఆరుకు మించకుండా నూనె కాచాలి. ఒక్క ఆవగింజ వేసి చూసి, అది చిటపటమన్నాక మిగతావి వేసి మూత పెట్టాలి. కూత వస్తే సెన్సర్ మీది బటన్ నొక్కితే ఆగుతుంది. అలారం బ్యాటరీ మాత్రం ఊడదీయకూడదు, అది ఆ ఇంట్లో క్షమించరాని తప్పు. ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం కుక్కర్ పనికిరాదు. గిన్నె అడుగున అయస్కాంతం అతుక్కోవాలి. ఇంగువ, వేయించిన ఎండుమిర్చి వాసన సోఫాకు పట్టి రెండు రోజులుంటుంది. వారానికి ఒకరోజు "ఈ రాత్రి వంట నాది" అని ముందే చెప్పి అందరికీ వండి పెట్టడం తెలివైన పద్ధతి. అప్పుడు ఆ వాసన మీద ఫిర్యాదు ఉండదు.

గది గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మంచం, బల్ల, రేడియేటర్. పడకగది చల్లగా ఉంచి, చలికాలంలోనూ కిటికీ కొద్దిగా తెరిచి పడుకోవడం అక్కడి అలవాటు, కావాలంటే ఇంకో బొంత అడగాలి. ఉత్తరాదికి వెళ్లేవాళ్లు కిటికీకి వెలుగు రాని తెర ఉందా అని ముందే కనుక్కోవాలి. ట్రోమ్‌సోలో మే 20 ప్రాంతం నుంచి జూలై 22 ప్రాంతం దాకా సూర్యుడు అస్తమించడు. నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా ఉదయించడు. ఓస్లోలో కూడా డిసెంబర్ పగలు ఆరు గంటలు, అటూఇటుగా. ఆ నెలల్లో గదిలో ముడుచుకుంటే ఎవరూ తలుపు తట్టరు, ఏకాంతం కోరుకున్నావనుకుంటారు. పగటి వెలుగున్న కాసేపూ బయట నడవాలి.

స్నానాల గది బాగుంటుంది, కింద నేల వెచ్చగా ఉంటుంది. చిక్కు వేడినీళ్లది. చాలా ఇళ్లలో సుమారు 200 లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటుంది. అందులో రెండు కిలోవాట్ల కాయిల్. ఖాళీ చేస్తే మళ్లీ పూర్తిగా కాగడానికి ఐదారు గంటలపైనే పడుతుంది. ఒకరు ఇరవై నిమిషాలు నిలబడితే మూడోవాళ్లకు చన్నీళ్లే. ఏడెనిమిది నిమిషాల్లో ముగించి, మూలనున్న రబ్బరు గీకుడు కర్రతో నేల మీది నీళ్లు కాలువలోకి తోసి బయటికి రావాలి. మన స్నానం ఇంటివాళ్ల పొద్దుటి హడావుడితో తగలకుండా ఏ వేళకో అడిగి పెట్టుకోవడం ఇంకా మంచిది.

మర్యాదల్లో కష్టమైనవి లేవు. గుమ్మంలోనే చెప్పులు విడవాలి, మనకు కొత్త కాదు. అరవై ఏళ్లవారినైనా పేరు పెట్టే పిలవాలి. అంకుల్, ఆంటీ అంటే తమను కాదనుకుని పక్కకు చూస్తారు. భోజనం అయ్యాక "తక్ ఫోర్ మాటెన్" అని చెప్పి, తన కంచం తనే తీసి గిన్నెలు కడిగే యంత్రంలో పెట్టాలి. చెక్క పిడి కత్తులు, ఇనుప పెనం ఆ యంత్రంలో వేయకూడదు. ఫ్రిజ్ తలుపు మీద నెలవారీ పట్టిక కనిపిస్తుంది, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో గడి. అందులో తనకూ ఒక గడి అడిగి తీసుకుని, భోజనానికి ఉండని రోజులు ముందే రాయడం చాలా గొడవలు తప్పిస్తుంది. దుగ్‌నాద్ అనే మాట వినిపిస్తే ఆ రోజు వీధివాళ్లంతా కలిసి ఆకులు ఊడ్చి కంచెలకు రంగు వేస్తారని అర్థం. ఎక్కువగా మే 17 జాతీయ దినోత్సవానికి ముందు వసంతంలో వస్తుంది. చీపురు పట్టుకుని వెళ్లాలి. ఆ రెండు గంటల్లో అయ్యే పరిచయాలు రెండు నెలల బస్సు ప్రయాణాల్లో కావు, బస్సులో ఎవరూ పలకరించరు.

ఈ బసలో అసలు సరుకు హిత్తె, అంటే కుటుంబం కొండల్లోనో సముద్రం పక్కనో ఉంచుకున్న చెక్క ఇల్లు. వారాంతానికి, ఈస్టర్ వారానికి అక్కడికి పిలిస్తే ఎట్టిపరిస్థితిలోనూ కాదనకూడదు. డబ్బు పెట్టి కొనలేనిది ఇదే. కొత్తవాటిలో కరెంటు, ఇంటర్నెట్ ఉంటాయి. పాతవాటిలో నీళ్లు బావి నుంచో వాగు నుంచో మోయాలి. మరుగుదొడ్డి బయట, వాడాక చెక్క బెరడు పొడి ఒక గరిటె చల్లి మూత గట్టిగా వేయాలి. చేరగానే పని పంచుకుంటారు, చెప్పేదాకా నిలబడకుండా నీళ్ల బకెట్టో కట్టెల బుట్టో అందుకోవాలి. పొయ్యి పై నుంచి అంటించాలి. అడుగున లావు కట్టెలు రెండు, వాటి మీద అడ్డంగా సన్నవి, అన్నిటికీ పైన పుల్లలు, నిప్పు రాజేసే ముక్క. గాలి రంధ్రం పూర్తిగా తెరిచి ఉంచాలి. మంట కిందికి దిగుతూ పొగను కాల్చేస్తుంది. కింద నుంచి అంటిస్తే పొగ గదిలోకి తన్నొచ్చు. నిప్పులు పూర్తిగా ఆరకముందే పొగగొట్టం మూయడం ప్రాణాపాయం, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పరుపు మీద వేసుకునే దుప్పటి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

స్కీ రాని వాళ్లు మైనం పూసే రకం జోలికి పోకుండా అడుగున నూగు పట్టీ ఉన్న స్కీలు అడగాలి, వెనక్కి జారవు. ఇంట్లో లేకపోతే చాలా ఊళ్లలో బుఆ అనే కేంద్రాలు ఆట సామాన్లు ఉచితంగా అరువిస్తాయి. దుస్తుల విషయంలో ఒకే నియమం: ఒంటికి ఆనేది ఉన్ని, కాటన్ కాదు. చెమట పట్టిన కాటన్ ఆరదు, ఆగిన పది నిమిషాల్లో వణుకు పుట్టిస్తుంది. ఉన్ని మీద ఫ్లీస్, ఆపైన గాలి చొరబడని జాకెట్. చీకటి నెలల్లో కోటుకు రిఫ్లెక్టర్ కట్టుకోవాలి. నల్లకోటు మనిషి కారు డిమ్ లైట్లలో పాతిక, ముప్పై మీటర్ల దూరం వచ్చేదాకా కనబడడు. రిఫ్లెక్టర్ ఉంటే సుమారు 140 మీటర్ల నుంచే కనిపిస్తాడు.

ఖర్చులో దాగి ఉన్న ఇబ్బంది విప్స్. ఇంట్లో పిజ్జాకైనా సినిమాకైనా వాటా ఆ యాప్‌లోనే పంపుకుంటారు. అక్కడి బ్యాంకు ఖాతా, గుర్తింపు సంఖ్య లేని సందర్శకుడికి అది తెరుచుకోదు. ఊరుకుంటే ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది. "నా వాటా శనివారం సరుకుల బిల్లులో కట్టేస్తాను" అని చెప్పి కార్డుతో కట్టేయాలి. ఖాళీ సీసాలు, డబ్బాలు పారేయకూడదు. సూపర్ మార్కెట్ యంత్రంలో వేస్తే చిన్నదానికి 2, పెద్దదానికి 3 క్రోనర్లు వెనక్కి వస్తాయి. అయితే ఇంట్లోని సీసాల సంచి ఇంటి పిల్లల జేబుఖర్చు అయి ఉండొచ్చు, అడగకుండా పట్టుకెళ్లొద్దు.

కుటుంబంతో పొసగకపోతే నెలల తరబడి ఓర్చుకోనక్కర్లేదు. మార్పిడి కార్యక్రమాల్లో ఇంటికి బయట ఒక స్థానిక సంప్రదింపు మనిషిని ఇస్తారు, కుటుంబం మార్చే వీలుంటుంది. మొదట మాత్రం విషయం ఇంటివాళ్లతోనే సూటిగా చెప్పాలి. సూటి మాటకు అక్కడ నొచ్చుకోరు, ముభావంగా తిరిగితేనే నొచ్చుకుంటారు. భయపెట్టేది ఏదైనా జరిగితే పోలీసులకు 112, అంబులెన్సుకు 113, మంటలకు 110. అంత అత్యవసరం కాని జబ్బుకు 116117. పిల్లలకు, టీనేజీవాళ్లకు ప్రత్యేకంగా 116111 ఉంది.

చిన్న ఊరు, రెండుమూడు వారాలు, మే నుంచి సెప్టెంబర్ మధ్య, ఇంట్లో తన ఈడు పిల్లలు. ఈ నాలుగూ కలిస్తే దీనికి మించిన బస నార్వేలో లేదు. మూడు రోజుల్లో ఫ్యోర్డులన్నీ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) చుట్టేయాలనుకునేవాళ్లు, అర్ధరాత్రి దాకా ఊరు తిరిగేవాళ్లు హాస్టల్ చూసుకోవడమే ఇద్దరికీ సుఖం.

వెళ్లిపోయే రోజు దుప్పటి, దిండు గలీబులు విప్పి మడిచి మంచం మీద ఉంచాలి, చెత్త తీసేయాలి, తాళం చేతికివ్వాలి. ఓస్లో సెంట్రల్ నుంచి గార్డెర్‌మోయెన్ విమానాశ్రయానికి ఫ్లీటోగెట్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు సుమారు ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. వీ అనే సంస్థ నడిపే మామూలు రైలు మూడు నాలుగు నిమిషాలే ఎక్కువ తీసుకుని దాదాపు సగం ధరకే దించుతుంది. ఎంటూర్ అనే ప్రయాణాల యాప్‌లో రెండూ పక్కపక్కన కనిపిస్తాయి.